ఆదివారం ఒక పేరు, సోమవారం ఒక పేరు

మొన్న డిసెంబర్ల సర్పంచ్ ఎలక్షన్లు అయినయ్ గదా. నామినేషన్ల ఆఖరి రోజు, పొద్దుగూకినంక నాకొక ఫోన్ వచ్చింది. మా చెల్పూర్‌కు దగ్గర్ల ఉన్న ఓ ఊరి పిలగాడు. ఇరవై ఆరేండ్లు ఉంటయ్. డిగ్రీ చదివిండు, థర్మల్ ప్లాంట్ల కాంట్రాక్ట్ కింద పని చేస్తడు. వాళ్ల వార్డు ఎస్సీకి వచ్చింది. మోరీల గురించి, నల్లాల గురించి రెండేండ్ల సంది తిరుగుతున్నోడు గాబట్టి వాడకట్టు అంత "నువ్వే నిలబడు" అన్నరు. కాయితాలన్ని తయారు చేసుకున్నడు.

ఆ పొద్దు అవుతలి పక్షం మనిషి ఒకడు వచ్చి ఫోన్ల వీడియో చూపిచ్చిండట. అండ్ల ఈ పిలగాడు మందిరంల డోలక్ కొడుతుండు. పక్కన వాళ్లమ్మ చప్పట్లు కొడుతుంది. "నువ్వు కిరస్తానోనివి. ఎస్సీ సీటుల ఎట్ల నిలబడ్తవ్? నామినేషన్ ఏసినవంటే కలెక్టర్‌కు కంప్లైంట్ పోతది. వార్డు మెంబర్ సంగతి తర్వాత, నీ సర్టిఫికెట్ పోతది, నీ చెల్లె చదువు పోతది" అన్నడట.

పిలగాడు నామినేషన్ ఎయ్యలేదు.

నాతోని ఫోన్ల ఒక్కటే అడిగిండు. "అన్నా, నేను దేవుణ్ణి మొక్కుడు తప్పా, ఎలక్షన్ల నిలబడుడు తప్పా?"

నాకు ఎంటనే జవాబు దొరకలే. "రేపు మాట్లాడుదాం తమ్మీ" అని పెట్టేసిన. ఆ రేపు ఇయ్యాల్టిదాక రాలే. ఆ పిలగానికి చెప్పాల్సిన జవాబే ఇది. అతనొక్కనికే గాదు, మన జిల్లాలల్ల అసొంటి పిల్లలు ఎంతమందో ఉన్నరు. అందుకే ఈడ రాస్తున్న.

మా ఇంటి ముచ్చట

ముందు నా సంగతి చెప్పాలె. నేను వకీల్ని గాదు, పాస్టర్‌ను గాదు. ఇంటర్ కాడ ఆగిపోయినోణ్ణి. తర్వాత చదివిందంత సంఘాలల్ల తిరుక్కుంట, లైబ్రరీలల్ల కూసోని చదివిందే.

మా నాయిన డప్పు కొట్టేటోడు. పోచమ్మ పండుగకు ఆయన డప్పు లేంది బోనం లేవకపోయేది. మా అవ్వ నా చిన్నప్పుడు జబ్బు చేసి మంచం పట్టింది. అప్పుడు మా వాడకు వచ్చే అయ్యగారు దినాం వచ్చి ప్రార్థన చేసిండు. అవ్వ లేచి తిరిగింది. గోళీలతోని లేచిందా, ప్రార్థనతోని లేచిందా అని నేను వాదించ. అవ్వ మాత్రం ఒక మాట అన్నది. "నా జబ్బుల నా మంచం మీద కూసున్న మొదటి పెద్దమనిషి ఆయననే బిడ్డా." ఆ మాట నాకు ఇప్పటికి యాదికుంటది. ఊర్ల పెద్దమనుషులు మా గడప దాటి లోపటికి వచ్చేటోళ్లు గాదు. అంటకుండ దూరం నిలబడి మాట్లాడేటోళ్లు. ఒకాయన వచ్చి మంచం మీద కూసున్నడు. మా వాడల మతం మారుడంటే ఇంతే. కొందరు బియ్యం మూటకు, డబ్బులకు మారిండ్రు అంటరు. మా ఇంట్లకు మూట రాలే. మనిషి వచ్చిండు.

అట్ల మా ఇంట్ల నాయిన పోచమ్మ దిక్కు, అవ్వ మందిరం దిక్కు. నా సర్టిఫికెట్ల హిందూ మాదిగ. నేను ఆదివారం ఆదివారం పోయేటోణ్ణి గాదు, పోతే సిగ్గుపడేటోణ్ణి గాదు. మా వాడల సగం ఇండ్లు ఇట్లనే ఉంటయ్. ఆదివారం నాడు మందిరంల ఒక పేరు, సోమవారం నాడు ఎమ్మార్వో ఆఫీసుల ఒక పేరు. బయటోళ్లకు ఇది దొంగాటలెక్క కనవడ్తది. కని ఈ రెండు పేర్లు మనం పెట్టుకున్నయి గావు. ఒక కాయితం పెట్టింది.

ఆ కాయితం ఏంది?

రాజ్యాంగం వచ్చిన ఏడాదే, 1950 ఆగస్టు 10న, రాష్ట్రపతి పేరు మీద ఒక ఉత్తర్వు వచ్చింది. ఏ రాష్ట్రంల ఏ కులాలు షెడ్యూల్డ్ కులాలు అని అండ్ల పట్టిక ఉన్నది. దాని మూడో పేరా ఏం చెప్తదంటే, హిందూ మతం గాక వేరే మతం పాటించేటోళ్లను షెడ్యూల్డ్ కులం కింద లెక్కపట్టొద్దని. 1956ల సవరించి సిక్కులను కలిపిండ్రు. 1990ల బౌద్ధులను కలిపిండ్రు. క్రైస్తవులు, ముస్లింలు బయటనే ఉండిపోయిండ్రు.

ఇప్పుడు మన జిల్లాలకు రాండ్రి. భూపాలపల్లి, మహబూబాబాద్ దిక్కు కోయోళ్లు, లంబాడోళ్లు మస్తు మంది ఉన్నరు. వాళ్లల్ల కూడ మందిరానికి పోయేటోళ్లు ఉన్నరు. ఒక కోయ పిలగాడు బాప్తిస్మం తీసుకుంటే అతని ఎస్టీ సర్టిఫికెట్‌కు ఏం గాదు. ఎందుకంటే షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వుల మతం షరతు లేనే లేదు. అదే మందిరంల, అదే చాప మీద పక్కపొంటి కూసున్న మాదిగ పిలగాడు బాప్తిస్మం తీసుకుంటే చట్టం లెక్కల ఎస్సీ గాదు. ప్రార్థన ఒకటే, పాట ఒకటే. చాప మీదికెళ్లి లేచినంక మాత్రం ఒకనికి హక్కు ఉంటది, ఒకనికి పోతది.

మరి పోయినోనికి ఏమొస్తది? మన దగ్గర బీసీ-సి అని ఒక గ్రూపు ఉన్నది. క్రైస్తవంలకు మారిన ఎస్సీలు, వాళ్ల పిల్లలు దాని కిందికి వస్తరు. చదువులల్ల, కొలువులల్ల నూటికి ఒక్కటి. ఎస్సీలకు నూటికి పదిహేను. ఉమ్మడి రాష్ట్రంల 1977ల 341 నంబర్ జీవో ఒకటి వచ్చింది. చట్టంతోని సంబంధం లేని, సర్కారు తనంతట తాను ఇచ్చే రాయితీలు క్రైస్తవంలకు మారిన ఎస్సీలకు కూడ ఇయ్యొచ్చని దాని సారం. చానమంది పాస్టర్లు ఇప్పటికి ఆ జీవో చూపిచ్చి "మనకు అన్ని ఉన్నయి" అంటరు. లేవు. రాజ్యాంగం ఇచ్చే రిజర్వుడు సీటు, అట్రాసిటీ చట్టం అసొంటియి ఆ జీవోతోని రావు. తప్పు ధైర్యం చెప్పుడు కూడ మోసమే.

ఇగ అసలైన నష్టం కొలువు గాదు, అట్రాసిటీ చట్టం. 1989ల వచ్చిన ఆ చట్టం ఎస్సీ, ఎస్టీల మీద జరిగే దౌర్జన్యాలకే వర్తిస్తది. కులం పేరుతోని తిట్టి కొట్టేటోడు ముందు "నువ్వు ఏ మందిరానికి పోతవ్?" అని అడిగి కొట్టడు. చెయ్యి లేపేటప్పుడు మనం మాదిగోళ్లమే, మాలోళ్లమే. ఠాణాకు పోయినంకనే మనం క్రైస్తవులమైతం.

కోర్టులు ఏం చెప్పినయ్?

మద్రాసుల రోడ్డు పక్కన చెప్పులు కుట్టే ఒకాయన ఉండె. పేరు సూసై. ఆది ద్రావిడ కులం, క్రైస్తవుడు. చెప్పులు కుట్టే షెడ్యూల్డ్ కులపోళ్లకు సర్కారు బంకులు ఇచ్చింది. ఈయనకు ఇయ్యలే. "నా పక్కన కూసోని అదే పని చేసేటోనికి ఇచ్చిండ్రు, నాకెందుకు ఇయ్యరు?" అని సుప్రీం కోర్టుకు పోయిండు. 1985ల తీర్పు వచ్చింది. మతం మారినంక కూడ అదే అంటరానితనం, అదే బాధ అంతే తీరుగ ఉన్నదని రుజువులు పెట్టలేదని కొట్టేసిండ్రు. చేతుల ఆరె, సూది. ముందట తెగిన చెప్పు. అయినా రుజువు సరిపోలే.

ఇంకొకటి మన తెలుగోళ్ల కేసే. గుంటూరు మెడికల్ కాలేజీ కేసు, 1976. తల్లిదండ్రులు మాదిగోళ్లు, క్రైస్తవంల కలిసిండ్రు. కొడుకు మళ్ల హిందూ మతంలకు వచ్చి ఎస్సీ సీటు అడిగిండు. కులపోళ్లు తిరిగి తమల కలుపుకుంటే ఎస్సీ కిందికే వస్తడని సుప్రీం కోర్టు అన్నది. అంటే చూడుండ్రి, మతం మారితే కులం పోతదట. తిరిగి వస్తే కులం దారి కాడ కూసోని ఎదురుసూస్తదట.

2024 నవంబర్ల పుదుచ్చేరికి చెందిన ఒకామె కేసుల, బాప్తిస్మం తీసుకోని చర్చికి పోయుకుంట, ఉద్యోగం కోసమే హిందువునంటే అది రాజ్యాంగాన్ని మోసం చేసుడే అని సుప్రీం కోర్టు గట్టిగ అన్నది. 2025ల ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఏండ్లకేండ్లు పాస్టర్‌గ ఉన్న మనిషి అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టలేడని చెప్పింది.

రెండో దిక్కు కూడ ఒక తీర్పు ఉన్నది. 2021ల మద్రాసు హైకోర్టుల ఒక డాక్టరమ్మ కేసు. క్రైస్తవుణ్ణి పెండ్లి చేసుకున్నది, క్లినిక్‌ల సిలువ ఉన్నదని ఆమె కుల సర్టిఫికెట్ రద్దు చేసిండ్రు. కోర్టు ఆ రద్దును కొట్టేసింది. గోడ మీది సిలువ చూసి, భర్తతోని చర్చికి పోయింది చూసి మనిషి మతం మారిందని తేల్చుడు కుదరదు అన్నది.

అందుకే ఆ తమ్మికి మొట్టమొదలు చెప్పాల్సింది ఇది. ఫోన్ల వీడియో చూపిచ్చి ఎవ్వడు నీ సర్టిఫికెట్ అక్కడికక్కడ చింపలేడు. మన దగ్గర 1993ల వచ్చిన 16వ నంబర్ చట్టం ఉన్నది. సర్టిఫికెట్ మీద ఫిర్యాదు వస్తే జిల్లా స్థాయి కమిటీ విచారణ చెయ్యాలె. నీకు నోటీసు ఇయ్యాలె. నువ్వు చెప్పుకునేది వినాలె. తర్వాతనే కలెక్టర్ తేల్చాలె. దాని మీద అప్పీలు కూడ ఉన్నది. అవుతలోనికి కావాల్సింది చట్టం గాదు, నీ భయం. ఆ పొద్దు నువ్వు చట్టానికి ఓడిపోలే, వీడియోకు ఓడిపోయినవ్.

బాప్తిస్మం తీసుకున్నవా అని నేను ఆ పిలగాణ్ణి అడగలే. అడగ కూడ. తీసుకున్నోడు తీసుకోలేదని అబద్ధమాడాలె అని నేను చెప్పలేను. నిజం చెప్పి చెల్లె చదువు పోగొట్టుకో అని కూడ చెప్పలేను. దేవుణ్ణి నమ్మేటోనితోని అబద్ధం ఆడిపిచ్చే చట్టం ఏం చట్టం? నా కొట్లాట దానితోని.

"క్రైస్తవంల కులం లేదు గదా?"

ఇది సర్కారు చెప్పే మాట. పాస్టర్లు చెప్పే మాట కూడ ఇదే. ఇద్దరు ఒకటే మాట చెప్తుంటే నాకు అనుమానం వస్తది.

గ్రంథంల కులం లేదు, నిజమే. మందిరంల ఉన్నది. మాలోళ్ల మందిరం అటు, మాదిగోళ్ల మందిరం ఇటు ఉన్న ఊర్లు మీకు నేను చూపియ్యాల్నా? పెండ్లి సంబంధం కాడికి వచ్చేసరికి "ప్రభువుల మనమంత ఒకటే, కని..." అనే మాట మీరు ఇనలేదా? హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ 2022 ఆగస్టుల కార్డినల్ అయిండు. దళితులల్ల మొట్టమొదటి కార్డినల్ ఆయననే, మన తెలుగాయననే. సంబురమే. కని మన దేశంల చర్చికి అంత చరిత్ర ఉండి, దళితులు అంతమంది ఉండి, మొదటి మనిషి ఆ కుర్చీల కూసునేతందుకు 2022 దాక పట్టింది. కులం లేని కాడ ఇంత ఆలస్యం ఎందుకైతది?

జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లనే రిపోర్టు ఇచ్చింది. ఆ మూడో పేరా తీసెయ్యాలె, ఎస్సీ హోదాను మతంతోని ముడిపెట్టొద్దు అని చెప్పింది. అది ఇంకా కాయితం మీదనే ఉన్నది. ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీ 2009ల, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2023 మార్చిల తీర్మానాలు చేసినయ్. కని అసెంబ్లీ తీర్మానంతోని పని గాదు. రాజ్యాంగం 341వ ఆర్టికల్ ప్రకారం ఆ పట్టికను మార్చే అధికారం పార్లమెంటుకే ఉన్నది. 2022 అక్టోబర్ల కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ పెద్దగ ఇంకో కమిషన్ ఏసింది. రెండేండ్ల గడువు అన్నరు, తర్వాత పొడిగించిండ్రు.

ఇంకో మాట దాచకుండ చెప్పాలె. మన హిందూ మాదిగ అన్నదమ్ములకు ఒక భయం ఉన్నది. "ముప్పై ఏండ్లు కొట్లాడినం. 2025ల వర్గీకరణ చట్టం అయింది. మా గ్రూపుకు తొమ్మిది శాతం వచ్చింది. ఇప్పుడు వీళ్లు వచ్చి అండ్ల పాలు అడుగుతరా?" ఈ భయం ఉత్తదేం గాదు. మిషన్ బడుల చదువు ముందుగాల దొరికిన కుటుంబాలు కొన్ని ఉన్నయ్, వాటి మీద కోపం ఉన్నది. నా జవాబు ఇది. ఇయ్యాల వాడల మందిరానికి పోయేటోళ్లల్ల చానమంది కాయితం మీద హిందూ ఎస్సీలే. వాళ్లు కొత్తగ వచ్చి కూసునేటోళ్లు గాదు, ఇప్పటికే ఉన్నోళ్లు. కొత్తగ వచ్చేటోళ్లు ఉంటే వాళ్లెంతమందో లెక్క తియ్యాలె, వాటా అంత పెంచాలె అని అడగాలె. మన రొట్టె చిన్నగున్నదని పక్కోని చెయ్యి ఇరవొద్దు.

"రాజకీయం లోకపు పని"

ఇగ మన అయ్యగార్ల దిక్కు తిరుగుదాం. మా దిక్కు మందిరాలల్ల నేను చిన్నప్పటి సంది ఇన్న మాట ఇది. "రాజకీయం లోకసంబంధం. మన పౌరసత్వం పరలోకంల ఉన్నది." ఈ మాట పౌలు ఫిలిప్పీ అనే ఊరి సంఘానికి రాసిన ఉత్తరం కాడికెళ్లి తీస్తరు. మంచిదే. కని అదే ఫిలిప్పీల పౌలు ఏం చేసిండో కూడ చదువాలె గదా.

ఆ ఊర్లనే పౌలును విచారణ లేకుండ నడి బజార్ల బట్టలిప్పి కొట్టిండ్రు, జైల్ల ఏసిండ్రు. తెల్లారి అధికారులు చప్పుడు గాకుండ పొమ్మని కబురు పంపిండ్రు. పౌలు పోలే. మేము రోమా పౌరులం, విచారణ లేకుండ కొట్టుడు చట్టం గాదు, వాళ్లే వచ్చి మమ్ముల తోలియ్యాలె అని జైల్లనే కూసున్నడు. అధికారులు భయపడి వచ్చి బతిమిలాడిండ్రు. ఇంకోసారి యెరూషలేంల కొరడాతోని కొట్టేతందుకు కట్టేస్తే, రోమా పౌరుణ్ణి ఇట్ల కొట్టొచ్చా అని అక్కడనే అడిగిండు. ఆఖరికి కైసరుకే అప్పీలు చేసుకున్నడు. పరలోకపు పౌరసత్వం గురించి రాసినాయన దగ్గర భూలోకపు పౌరసత్వం కూడ ఉండె, అక్కెర పడ్డప్పుడు బయటికి తీసిండు. మనకు మొదటిది నేర్పిండ్రు, రెండోది దాచిపెట్టిండ్రు.

నాబోతు కథ తెలుసు గదా? రాజు అతని ద్రాక్షతోట అడిగిండు. తాతల భూమి, ఇయ్య అన్నడు. రాణి దొంగ సాక్షులను పెట్టి అతన్ని చంపిచ్చింది. ఏలీయా ప్రవక్త ఆ టైముల ప్రార్థన కూడిక పెట్టుకోని ఊకుండలే. గుంజుకున్న తోటలకే పోయి రాజు మొకం మీద అడిగిండు. ప్లాంట్ కోసం, బొగ్గు బాయిల కోసం భూములు ఇచ్చిన ఊర్లు మనయి. మన మందిరాలల్ల ఆ కథ మీద ఎన్ని వాక్యాలు చెప్పిండ్రో యాది చేసుకోండ్రి.

దూరం పోవద్దు, మన డోర్నకల్ చూడుండ్రి. తమిళనాడు తిరునెల్వేలి దిక్కుకెళ్లి వి.ఎస్. అజరయ్య 1909ల వచ్చిండు. 1912 డిసెంబర్ల ఆంగ్లికన్ చర్చిల మొట్టమొదటి భారతీయ బిషప్ అయిండు. మాల, మాదిగ వాడలల్లనే ఆయన సంఘాలు పెరిగినయ్. 1939ల ప్రతిష్ఠ చేసిన డోర్నకల్ చర్చి గుడి లెక్క, మసీదు లెక్క, చర్చి లెక్క మూడు తీర్ల కనవడ్తది. గుంపులుగ పోయి చూసి ఫొటోలు దిగి వస్తరు గని, ఆయన చేసిన ఒక పని ఎవ్వరికి తెలువది. 1930లల్ల క్రైస్తవులకు వేరే ఓటర్ల జాబితా, వేరే సీట్లు ఇస్తమని బ్రిటిషోళ్లు అంటే ఆయన వద్దన్నడు. మనం మన మందిని మనమే కాపాడుకునే గుంపు అయితే దేశంల కలిసేది ఎట్ల అన్నది ఆయన వాదన. అంటే ఆయన రాజకీయం వద్దనలే. క్రైస్తవుల కోసం మాత్రమే చేసే రాజకీయం వద్దన్నడు. ఈ రెండింటికి నడుమ చాన తేడా ఉన్నది.

బయటి దేశాలల్ల కూడ ఇదే కథ. దక్షిణాఫ్రికాల తెల్లోళ్ల డచ్ రిఫార్మ్‌డ్ చర్చి బైబిల్ చూపిచ్చే వర్ణవివక్షను మంచిదన్నది. డెస్మండ్ టుటు అదే బైబిల్ పట్టుకోని దాన్ని ఎదిరిచ్చిండు. అమెరికాల మాంట్‌గోమరీ ఊర్ల 1955ల నల్లజాతోళ్లు బస్సులు ఎక్కుడు బంద్ చేసి 381 రోజులు నడిచిండ్రు. వాళ్ల మీటింగులన్ని చర్చిలల్లనే. ముందట నిలబడ్డ పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్‌కు అప్పుడు ఇరవై ఆరేండ్లు. తమ్మీ, సరిగ్గ నీ ఈడే.

కేక్ కోసేటోళ్లు, ఓటు అడిగేటోళ్లు

రాజకీయం పాపం అనే అయ్యగార్లే ఎలక్షన్ల ముంగట ఏం చేస్తరో మీకు ఎరుకే. లీడర్ వస్తడు. కేక్ కోస్తరు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తరు. మందిరానికి రేకులు, మైకు సెట్టు, కుర్చీలు. "మన సంఘానికి సాయం చేసిండు" అని చెప్పకుండనే చెప్పుడు. అందరు ఇట్లనే ఉంటరని నేను అనను. సైకిల్ మీద వాడవాడ తిరిగి, పస్తులుండి, జబ్బుపడ్డోళ్లను దవఖానకు తీసుకపోయే అయ్యగార్లు నాకు ఎరుకే. కని రాజకీయం వద్దన్న మందిరంలకు రాజకీయం ఎనుక తలుపుకెళ్లి వస్తనే ఉన్నది. ముందు తలుపుకెళ్లి హక్కులెక్క రావాల్సింది, ఎనుక తలుపుకెళ్లి రేకులలెక్క వస్తున్నది.

సర్కారు తీరు కూడ అట్లనే ఉన్నది. తెలంగాణ వచ్చినంక క్రిస్మస్‌కు సర్కారు బట్టలు పంచింది, విందు పెట్టింది. మా వాడకట్టుల ఒక అత్త ఉన్నది. ఒక ఏడాది ఆ చీర కోసం పేరు రాపిచ్చుకునేతందుకు పోయి, దర్వాజ కాడికెళ్లే ఎనుకకు వచ్చింది. "లిస్టుల నా పేరెక్కితే బిడ్డ సర్టిఫికెట్‌కు ఏమన్నయితదో ఏమో అల్లుడా" అన్నది. చీర ఇచ్చేటప్పుడు క్రైస్తవురాలివి. హక్కు అడిగేటప్పుడు కూడ క్రైస్తవురాలివే. ఒక దిక్కు చీర, ఇంకో దిక్కు కోత.

మరి ఏం జెయ్యాలె? నాకు తోచింది చెప్త.

ఒకటి, మందిరాన్ని పార్టీ ఆఫీసు చెయ్యొద్దు. 1988ల వచ్చిన ఒక చట్టం ప్రకారం ఏ మతం ప్రార్థనా స్థలాన్నైనా రాజకీయ పనికి వాడుడు నేరం. మతం పేరు మీద ఓటు అడుగుడు ఎలక్షన్ చట్టంల అవినీతి కింద లెక్క. 2017ల సుప్రీం కోర్టు ఏడుగురు జడ్జీల బెంచి దాన్ని ఇంకింత గట్టి చేసింది. సర్టిఫికెట్ గురించి, భూమి గురించి మాట్లాడుకోవాల్నంటే కమ్యూనిటీ హాల్ల కూసోండ్రి, చెట్టు కింద కూసోండ్రి. మందిరానికి రాని అన్నదమ్ములను, పోచమ్మకు బోనం ఎత్తే అక్కలను కూడ పిలువుండ్రి. మోరీ నీళ్లకు మతం లేదు.

రెండు, గ్రామసభకు పోండ్రి. ఆదివారం మూడు గంటలు కూసునేటోళ్లు గ్రామసభకు ఒక్క గంట కూసోలేరా? ఇండ్ల జాబితా, ఉపాధి పని, బొందలగడ్డ జాగ అన్నీ ఆడనే తేలుతయ్. సచ్చిన క్రైస్తవునికి ఊర్ల బొందపెట్టే జాగ లేక తిప్పలు పడ్డ రోజులు నేను చూసిన. అది మత సమస్య గాదు, పంచాయతీ సమస్య.

మూడు, బెదిరిచ్చేటోడు వస్తే ఒక్కనివే ఉండకు. నలుగురిని పిలువు. "ఫిర్యాదు పెట్టు, నోటీసు రానియ్, జవాబు చెప్త" అను. బెదిరింపు చీకట్ల బతుకుతది.

నాలుగు, అసలు అడగాల్సింది పార్లమెంటును అడగాలె. మన ఎంపీని పిలిచి కేక్ కోపిచ్చే బదులు ఒక్కటే ప్రశ్న ఎయ్యుండ్రి. "ఆ మూడో పేరా మీద మీ మాట ఏంది?" కోయోనికి లేని షరతు, సిక్కుకు తీసేసిన షరతు, బౌద్ధునికి తీసేసిన షరతు మాకెందుకు?

లెక్క రాసేటోడు వస్తున్నడు

2011 జనాభా లెక్కల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల క్రైస్తవులు నూటికి 1.34 మంది అని రాసిండ్రు. 2001ల 1.55 ఉండె. వాడకో మందిరం లేస్తున్నది, లెక్క మాత్రం తగ్గుతున్నది. ఎందుకో మీకిప్పుడు తెలిసింది గదా.

2027 జనగణనల కులం కూడ రాస్తమని కేంద్రం ప్రకటించింది. లెక్క రాసే సారు మన గడప కాడికి వచ్చి మతం ఏంది, కులం ఏంది అని రెండూ అడుగుతడు. ఆ రోజు ఏం చెప్పాల్నో నేను ఎవ్వరికి చెప్ప. ఎవరి ఇంట్ల బిడ్డల చదువు, ఎవరి బతుకు భయం వాళ్లకే తెలుసు. కని ఆ ప్రశ్న ముంగట మన వాడల ఎంతమంది నోరు ఆగిపోతదో, అది కూడ ఒక లెక్కనే. దాన్ని రాసే కాలమ్ ఆ ఫారంల ఉండది.

తమ్మీ, నువ్వు అడిగినదానికి నా జవాబు ఇది. దేవుణ్ణి మొక్కుడు తప్పు గాదు, రాజ్యాంగం 25వ ఆర్టికల్ నీకు ఆ హక్కు ఇచ్చింది. ఎలక్షన్ల నిలబడుడు తప్పు గాదు. రెండింటిల ఒకటే ఎంచుకోమన్న ఆ మూడో పేరా తప్పు. నామినేషన్ టైం అయిపోయింది, నిజమే. మీ వార్డుల మోరీ మాత్రం అట్లనే ఉన్నది. గ్రామసభ ఎప్పుడు పెడుతరో కనుక్కో. నాకు ఫోన్ చెయ్యి, నేను కూడ వస్త. మీ అమ్మను కూడ తీసుకరా.